బంగారు పూత గల వెండి నగలు

బంగారము మాయదు, వెండి నల్లబడును. ఈ సంగతి మన యిండ్లలో పిల్లలకు సైతము తెలియును. మరి వెండిపై బంగారము పూసిన నగ మాటయేమి? చూచిన బంగారము, తూచిన వెండి. కాని దాని నడవడి ఈ రెంటిలో దేనికిని పూర్తిగా సరిపోదు. అందుచేతనే దానిని కొనువారును, వాడువారును తరచు పొరబడుచుందురు.

2025వ సంవత్సరమున పది గ్రాముల మేలిమి బంగారము వెల లక్ష రూపాయలు దాటినది. కూలినాలి చేసికొని బ్రతుకువారికిని, చిన్న జీతగాండ్రకును ఆడపిల్ల పెండ్లికి నాలుగు తులముల బంగారము పెట్టుట తలకు మించిన పని యైనది. కామారెడ్డి జిల్లాలోని మా బాన్సువాడ వంటి చిన్న పట్టణములలో గూడ అట్టివారి చూపు పూత నగలవైపు మరలుట సహజమే. అవియు ఊరక వచ్చునవి కావు. వెండి వెలయు పెరిగినదే. కొన్న నగ పది కాలములపాటు నిలుచునా, ఆరు నెలలకే రంగు మారునా అన్నది ఆ కుటుంబములకు చిన్న ప్రశ్న కాదు.

కొంత కాలము వాడిన పిమ్మట అట్టి నగపై నల్లని చుక్కలు కనబడవచ్చును. బంగారము చెడిపోయినదని ఒకరందురు. దుకాణదారు మోసగించెనని మరియొకరందురు. ఇంటివారు దానిని చింతపండుతోను, బూడిదతోను, పళ్ళపొడితోను గట్టిగా తోముదురు. నలుపు పోవును. కాని నాలుగైదు మారులు తోమునప్పటికి పసిమి కూడ పోయి తెల్లని వెండి బయటపడును. నిజమునకు ఆ నగను చెరచినది నలుపు కాదు, తోముడే. దీనికి కారణము తెలిసికొనవలెనన్న ముందు ఆ నగ నిర్మాణమును పరిశీలింపవలెను.

పేరు ఒకటి, వస్తువులు పెక్కు

మన ప్రజలు పూత నగలన్నిటిని ఒకే గాట కట్టి "గిల్టు నగలు" అందురు. బజారులో కవరింగు, రోల్డు గోల్డు, వన్ గ్రాం గోల్డు అను పేర్లు వినబడుచుండును. మచిలీపట్నము చెంతనున్న చిలకలపూడి ఇట్టి నగలకు పేరు పొందినది. అచట ముఖ్యముగా రాగి మొదలగు చవుక లోహములపై పూత పూయుదురు. ఆ పూత పోయిన తరువాత మిగులు లోహమునకు అంతగా వెల యుండదు.

వెండిపై పూసిన పూత వేరు. పూత అంతయు పోయినను వెండి వెండిగానే నిలుచును. ఇట్టి వస్తువును ఫ్రెంచివారు "వెర్మెయ్" అందురు. నేటి అమెరికా వాణిజ్య నియమముల ప్రకారము ఆ పేరుతో అమ్ము నగకు అడుగు స్టెర్లింగు వెండియై యుండవలెను. పైపూత మేలిమి బంగారపు లెక్కలో 2.5 మైక్రానులకు తగ్గరాదు. మైక్రాను అనగా మిల్లీమీటరులో వేయవ వంతు. మన తలవెంట్రుక మందము సుమారు 70 మైక్రానులు.

ఇది మనకు క్రొత్త విద్య కాదు. గద్వాల, వెంకటగిరి, ధర్మవరము పట్టుచీరలలో వాడుచు వచ్చిన అసలు జరీ ఇట్టిదే. సన్నని వెండి తీగను చదును చేసి, దారముపై చుట్టి, దానికి బంగారు పూత పూయుదురు. ఆ జరీలో బంగారము నూటికి ఒక పాలైనను ఉండదు. (నేడు చాల చీరలలో ఉన్నది రాగి జరీయో, ప్లాస్టిక్ జరీయో.) నాట్యకత్తెలు ధరించు దేవాలయ నగలును ఈ కోవకు చెందినవే, కన్యాకుమారి జిల్లాలోని వడశేరి పనివారు వెండి పై బంగారు రేకును తాపడము చేసి వానిని తయారు చేయుదురు. నాయనమ్మనాటి పట్టుచీర అంచు బీరువాలో నల్లబడుటకును, నగపై నల్లచుక్కలు వచ్చుటకును కారణము ఒకటే.

అడుగున నున్న వెండి

శుద్ధమైన వెండి మిక్కిలి మెత్తనిది. దానితో చేసిన గాజు సులభముగా వంగును; గొలుసు కొక్కెము తెరచుకొనును. అందుచేత నూరు పాళ్ళలో 92.5 పాళ్ళు వెండి, 7.5 పాళ్ళు రాగి కలిపి గట్టి పరచుదురు. ఇదియే స్టెర్లింగు వెండి. 1300వ సంవత్సరమున ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డు ఈ మేలుకు తక్కువైన వెండి వస్తువులను అమ్మరాదనియు, పరీక్షింపబడిన వస్తువుపై చిరుతపులి తల ముద్ర వేయవలెననియు శాసనము చేసెను. నగలపై నేడు కనిపించు 925 అను అంకె వేయి పాళ్ళలో 925 పాళ్ళు వెండి కలదని తెలుపును. అది అడుగు లోహమును గూర్చిన మాట మాత్రమే. పైనున్న బంగారము ఎంత మందమో, ఎంత మేలిమో ఆ అంకె చెప్పదు.

రాగి చేరుటవలన బలము వచ్చినది కాని మరియొక చిక్కును వచ్చినది. రాగి వెండికన్న త్వరగా గాలికిని, చెమటకును లోబడును. కనుక స్టెర్లింగు వెండి శుద్ధమైన వెండికంటె త్వరగా మాయును.

పూత పూయు విధములు

పూర్వపు పద్ధతులు రెండు. మొదటిది తాపడము, పలుచని బంగారు రేకును వెండిపై అదిమి పట్టించుట. రెండవది పాదరసపు పద్ధతి. బంగారమును పాదరసములో కరగించి, ముద్దగా చేసి, వెండిపై పూసి కాచుదురు. పాదరసము 357 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద మరగి ఆవిరియై పోవును. బంగారము వెండిని అంటుకొని నిలుచును. పూత మిక్కిలి గట్టిది. కాని ఆ ఆవిరిని పీల్చిన పనివాని నాడీమండలము, మూత్రపిండములు చెడిపోవును. తరతరముల పనివారు ఆ మెరుపునకు తమ ఆరోగ్యమును వెలగా చెల్లించిరి.

మూడవది విద్యుద్విశ్లేషణ పద్ధతి. 1800లో వోల్టా విద్యుత్ ఘటమాలను కనుగొనెను. అయిదేండ్లకే, 1805లో, ఇటలీ రసాయనజ్ఞుడు బ్రుగ్నటెల్లి ఆ ఘటమాలతో రెండు పెద్ద వెండి పతకములకు బంగారు పూత పూసెను. 1840లో బర్మింగుహాముకు చెందిన ఎల్కింగ్టను కుటుంబీకులు సయనైడు ద్రావణముతో పూత పూయు పద్ధతికి పేటెంటు పొందిన తరువాత ఇది పరిశ్రమగా విస్తరించెను. పూయవలసిన నగను ఋణధ్రువముగా చేసి, బంగారపు లవణము గల ద్రావణములో వ్రేలాడదీసి విద్యుత్తును పంపుదురు. ద్రావణమునందలి బంగారము నగపై పరమాణువు వెంట పరమాణువుగా పేరుకొనును. సయనైడు మహావిషము. ఇది ఇంటియందుగాని, పాఠశాలయందుగాని చేయదగిన ప్రయోగము కాదు.

ప్రయోగము చేయకున్నను లెక్క వేయవచ్చును. 6 సెంటీమీటర్ల వ్యాసము, 1 సెంటీమీటరు వెడల్పు గల పలుచని పట్టెగాజును తీసికొందము. లోపలి, వెలుపలి తలములును అంచులును కలిపి దాని వైశాల్యము సుమారు 40 చదరపు సెంటీమీటర్లు. దానిపై 2.5 మైక్రానుల, అనగా 0.00025 సెంటీమీటరు, పూత వేయుటకు కావలసిన బంగారపు ఘనపరిమాణము 0.01 ఘన సెంటీమీటరు. బంగారపు సాంద్రత 19.3 కనుక దాని బరువు 0.193 గ్రాము. సయనైడు ద్రావణమునందు బంగారము ఏకసంయోజకము. ఫారడే నియమము ప్రకారము 197 గ్రాముల బంగారమునకు సుమారు 96,500 కూలుంబుల విద్యుత్తు కావలెను. మన గాజునకు 95 కూలుంబులు చాలును. ఆంపియరులో పదవ వంతు విద్యుత్తును పంపిన, ఏమియు వృథా కాని యెడల, 16 నిమిషములలో పని ముగియును.

ఇప్పుడు పూతను మైక్రానులో పదవ వంతునకు తగ్గించి చూడుడు. బంగారము 8 మిల్లీగ్రాములకును, కాలము 40 సెకనులకును లోపుగా దిగిపోవును. విచిత్రమేమన, ఈ రెండు గాజులను ప్రక్క ప్రక్కన పెట్టినచో కంటికి భేదము తోచదు. అంత పలుచని పొర గూడ వెండి తెలుపును దాదాపు పూర్తిగా కప్పివేయును. ఒక దానిలోని బంగారము రెండవదానిలో ఇరువదియైదవ వంతు మాత్రమే. ఆయుష్షునందును భేదము అధికముగనే యుండును. కావున పూత నగ కొనువారు మెరుపును గూర్చి గాక మందమును గూర్చి అడుగవలెను.

నలుపు ఎచటి నుండి వచ్చును?

గాలిలో హైడ్రొజన్ సల్ఫైడు వంటి గంధకపు సమ్మేళనములు స్వల్పముగా నుండును. మురిగిన గ్రుడ్డు వాసన ఈ వాయువుదే. మురుగు కాలువలు, పెంటకుప్పలు దీనికి నెలవులు. ఎల్లకాలము నీరు నిలిచిన వరిమడి మట్టిలో గూడ గాలి సోకని చోట సూక్ష్మజీవులు దీనిని పుట్టించును. 1931లో పూర్తియైన నిజాంసాగరు కాలువల క్రింద వరి పండించు మా ప్రాంతమువారికి మడి బురద నుండి వచ్చు ఆ వాసన పరిచితమే. నాలుగు వెండి పరమాణువులు, రెండు హైడ్రొజన్ సల్ఫైడు అణువులు, ఒక ఆక్సిజన్ అణువు కలిసినపుడు రెండు సిల్వరు సల్ఫైడు అణువులును, రెండు నీటి అణువులును ఏర్పడును. సిల్వరు సల్ఫైడు నల్లనిది. గాలిలో తేమ హెచ్చిన కొలది ఈ చర్య వేగముగా జరుగును.

బంగారము ఈ చర్యలో పాల్గొనదు. అయినను పూత నగపై నలుపు వచ్చుటకు మూడు మార్గములు కలవు.

మొదటిది రంధ్రముల మార్గము. పూత పలుచనైన కొలది అందు కంటికి కానరాని సూక్ష్మరంధ్రములు హెచ్చుగా నుండును. వాని గుండ గంధకపు వాయువు, తేమ, చెమట అడుగునకు చేరును. అచట పుట్టిన సిల్వరు సల్ఫైడు ఆ రంధ్రములోనే ఇమిడియుండక బయటికి పొంగి, బంగారముపై చుట్టును ప్రాకును. చెమటలోని ఉప్పునీరు తగిలినపుడు బంగారము, వెండి, రాగి కలిసి చిన్న విద్యుత్ ఘటమువలె పనిచేయును. అందు తరుగునది బంగారము కాదు, అడుగు లోహమే.

రెండవది వ్యాపనము. బంగారము, వెండి ఏ పాళ్ళలోనైనను కలిసిపోవు లోహములు. వాని పరమాణువుల పరిమాణము ఇంచుమించు సమానము. ఏండ్లు గడచిన కొలది వెండి, రాగి పరమాణువులు మెల్లగా పూతలోనికి చొచ్చుకొనివచ్చును. వేడి తగిలిన ఈ పని త్వరపడును. పూత పూసిన నగకు టంకము పెట్టిన యెడల ఆ చోట పసిమి వెండిలోనికి ఇంకిపోవుటకు కారణమిదే. దీనిని ఆపుటకు కొందరు వెండికిని బంగారమునకును నడుమ నికెలు పొరగాని, పల్లేడియము పొరగాని వేయుదురు. నికెలు చవుక; కాని కొందరి చర్మమునకు అది పడదు, దురదయు దద్దురులును వచ్చును.

మూడవది అరుగుదల. ఉంగరము అడుగు భాగము, గొలుసు కొలుకుల ఒరిపిడి చోట్లు, గాజు అంచులు మొదట అరుగును. ఇచటి నలుపును ఎంత తుడిచినను మరల వచ్చుచుండును. అచట కాపాడుటకు పూతయే లేదు.

దీనినిబట్టి ఒక ముఖ్య విషయము తేలుచున్నది. మొదటి రోజులలో కనబడు నల్లని చుక్క బంగారముపై కూర్చున్న వెండి మసి. దాని క్రింద బంగారము చెక్కు చెదరక యున్నది. మసిని మాత్రము తీసి, బంగారమును నిలుపుకొనుటయే సంరక్షణలోని సారము.

వెండికి పనికి వచ్చినది పూతకు పనికి రాదు

వెండి పళ్ళెమును బూడిదతో తోమిన దానికి పెద్ద నష్టము లేదు. నలుపుతోబాటు కొంత వెండి పోవును. క్రింద మరల వెండియే కలదు. పూత నగకు అట్టి ఆస్తి లేదు. దాని బంగారమంతయు వెంట్రుక మందములో ముప్పదవ వంతు. బూడిదలోను, కొన్ని పళ్ళపొడులలోను ఉండు ఇసుక రేణువులు గట్టితనపు కొలబద్దపై 7వ మెట్టు వరకును ఉండును; బంగారము 3వ మెట్టునకు లోపు. ఆ తోముడు పూతకు ఆకురాయి పెట్టుటతో సమానము.

చింతపండులోని టార్టారిక్ ఆమ్లము బంగారమును ఏమియు చేయజాలదు. కాని సూక్ష్మరంధ్రములలో చిక్కుకొని అడుగునున్న రాగిని కొరుకును. పిమ్మట చాలినంతగా కడుగనియెడల నగ మునుపటికన్న త్వరగా మచ్చలు పడును.

అల్యూమినియము రేకు, వంటసోడా, ఉప్పు, వేడినీరు కలిపి వెండిని శుభ్రపరచు ఉపాయము నేడు చాలమందికి తెలియును. అందు అల్యూమినియము సిల్వరు సల్ఫైడును మరల వెండిగా మార్చును. మామూలు వెండికి ఇది మంచి పద్ధతి. పూత నగకు మాత్రము తగదు. బంగారముపై ప్రాకిన సల్ఫైడు కూడ వెండిగా మారి పసిమిపై తెల్లని మసకగా మిగులవచ్చును.

చేయవలసిన పనులు

1. అలంకరణమంతయు ముగిసిన పిదప నగ పెట్టుకొనవలెను. ఇంటికి రాగానే ముందుగా తీయవలెను. అత్తరు, నూనె, పౌడరు పూతపై పేరుకొనరాదు.

2. స్నానము, వంట, అంట్లు తోముట, నాట్లు, కలుపు వంటి పనుల వేళ ధరింపరాదు. ఉల్లి, వెల్లుల్లి, గ్రుడ్లు గంధకము గలవి. బ్లీచింగు పౌడరులోని క్లోరిను వెండికి శత్రువు.

3. తీసిన వెంటనే మెత్తని నూలుబట్టతో, రుద్దక, ఒత్తి తుడువవలెను. చెమటను నాడే తుడిచిన సగము రోగము పోయినట్లే.

4. మురికి పట్టినచో గోరువెచ్చని నీటిలో రెండు చుక్కల తేలికపాటి సబ్బునీరు కలిపి, కొద్దిసేపు నానబెట్టి, వ్రేళ్ళతో కడిగి, మంచినీటిలో జాడించి, నీడన పూర్తిగా ఆరబెట్టవలెను. ముత్యములు, లక్క, అతికించిన రాళ్ళు గల నగలను నానబెట్టరాదు. తడిబట్టతో తుడిచిన చాలును.

5. ఒక్కొక్క నగను వేరుగా, గాలి చొరని చిన్న ప్లాస్టిక్ సంచిలో నుంచవలెను. మందుసీసాలలో వచ్చు సిలికా జెల్ పొట్లమును అందుంచిన తేమను పీల్చును. రబ్బరు పట్టీతో కట్టరాదు, ఉన్నిబట్టలో చుట్టరాదు. రెంటిలోను గంధకము కలదు.

6. వెండి బయటపడిన పిమ్మట తోముట మాని, నమ్మకమైన పనివానిచేత మరల పూత వేయించవలెను. అతుకు పనులు, టంకము పనులు ఉన్నచో పూతకు ముందే చేయించవలెను.

కొనునపుడు, తాకట్టు పెట్టునపుడు

పూత నగ వెల ముఖ్యముగా అందలి వెండి వెలయే. మన గాజులోని బంగారము గ్రాములో అయిదవ వంతునకు లోపు. దానిని వేరు చేయుటకగు ఖర్చే ఎక్కువ. కనుక మరల అమ్మునపుడు వెండి ధరయే వచ్చునని ముందుగా తెలిసియుండుట మేలు. అడుగు వెండి యేనా అన్నదానికి హాల్‌మార్కు ఆధారము. మన దేశమున బంగారు నగలకు 2021 జూన్ 16 నుండి దశలవారీగా హాల్‌మార్కు తప్పనిసరి యైనది. వెండికి 2025 సెప్టెంబరు 1న ప్రత్యేక గుర్తింపు సంకేతముతో కూడిన హాల్‌మార్కును ఐచ్ఛికముగా ప్రవేశపెట్టిరి. బిల్లుపై వెండి మేలు, బరువు, పూత మందము వేరు వేరుగా వ్రాయించుకొనుట మంచిది.

పూత నగను బంగారు నగయని అమ్ము మోసగాండ్రును కలరు. గీటురాయిపై తేలికగా గీచిన, గీత పడునది పూతయే. అది బంగారముగనే కనబడును. అందుచేత అనుభవము గల అవుసలి అంచున ఆకురాయితో కొంచెము రాచి, లోపలి లోహమును పరీక్షించును. నగకు గాయము చేయని పరీక్ష ఆర్కిమెడీసు చూపినది. నగను తూచి, అది తొలగించు నీటిని కొలిచి, సాంద్రత కట్టవలెను. 21 గ్రాముల గాజు 2 ఘన సెంటీమీటర్ల నీటిని తొలగించినచో సాంద్రత 10.5, అది వెండి. 22 క్యారెట్ల బంగారమైనచో సాంద్రత 17కు పైగా నుండును. స్టెర్లింగు వెండికిని బంగారమునకును ఇంత అంతరము గలదు కనుక ఈ పరీక్షలో పొరబాటునకు తావు తక్కువ. లోపల బోలుగా నున్న నగలకు, లక్క నింపిన వానికి, రాళ్ళు పొదిగిన వానికి ఇది చెల్లదు.

తరగతిలో చేయదగిన ప్రయోగము

ఉపాధ్యాయులు సులభముగా చూపదగిన ప్రయోగ మొకటి కలదు. గట్టిగా ఉడికిన గ్రుడ్డు పచ్చసొనను చిదిమి, మూత గల సీసా అడుగున నుంచవలెను. దానికి తగులకుండ, వాడుకలో లేని వెండి మట్టె నొకటి, పూత పోవుచున్న పాత గిల్టు వెండి ముక్క నొకటి దారముతో వ్రేలాడదీసి మూత బిగింపవలెను. కొన్ని గంటల కొకమారు గమనించిన, మట్టె మొదట లేత పసుపు, పిమ్మట గోధుమ, నీలి రంగులకు తిరిగి తుదకు నల్లబడుట కాననగును. ఈ రంగులు పలుచని సల్ఫైడు పొరపై కాంతి వ్యతికరణము వలన పుట్టినవి. నీటిపై నూనె తెట్టెయందు కనబడు రంగుల వంటివే. రెండవ ముక్కను భూతద్దముతో చూచిన, పూత నిలిచిన చోట్లు పచ్చగనే యుండును. అరిగిన అంచులును, సూక్ష్మరంధ్రములున్న చోట్లును మాత్రము నల్లబడును.

రసాయనశాస్త్ర పాఠములో సల్ఫైడులు, భౌతికశాస్త్ర పాఠములో సాంద్రత, ఫారడే నియమములు విద్యార్థులు చదువుచునే యున్నారు. ఆ మూడును తమ ఇంటి నగల పెట్టెలోనే కలవని ఒకమారు చూపిన, ఆ పాఠము వారి వెంట ఇంటికి పోవును. ఆ రాత్రి వారు తమ తల్లి చేతి నుండి బూడిదను, చింతపండును తప్పించి మెత్తని బట్ట నొకటి అందించిన చాలును. కష్టపడి కొన్న ఒక నగ మరికొన్ని ఏండ్లు పచ్చగా నిలుచును.